కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్

కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్ (సంక్షిప్తంగా సి.డి.బి.జి.) అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాల సమాఖ్య ప్రభుత్వం నగరాలకు, కౌంటీలకు, రాష్ట్రాలకు ప్రతి సంవత్సరం ఇచ్చే ఒక ఆర్థిక సహాయ నిధి. 1974 ఆగస్టు 22న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన గృహ నిర్మాణ, సామాజికాభివృద్ధి చట్టం ద్వారా ఇది ఏర్పడింది. దీనిని సమాఖ్య గృహ నిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ (హడ్) నిర్వహిస్తుంది. అల్పాదాయ, మధ్యస్థాయి ఆదాయ వర్గాల ప్రజలకు యోగ్యమైన నివాసం, ఆరోగ్యకరమైన పరిసరాలు, ఆర్థికావకాశాలు కల్పించడం ఈ నిధి ప్రధానోద్దేశం. ఏ వీధికి కాలిబాట వేయాలి, ఏ ఇంటి పైకప్పు బాగు చేయాలి, ఏ సేవాసంస్థకు సహాయం చేయాలి అన్న నిర్ణయాన్ని సమాఖ్య ప్రభుత్వం కాక స్థానిక పాలక మండలి తీసుకోవడం ఈ పథకం విశిష్టత. అయితే ఆ నిర్ణయం అనేక శాతాలకు, గడువులకు, షరతులకు లోబడి ఉండాలి. ఈ పరిమితుల మధ్య నగరాలు తమ బడ్జెటును ఎలా రూపొందించుకుంటాయన్నదే ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

పేరు, స్వరూపం

బ్లాక్ గ్రాంట్ అంటే గంపగుత్త నిధి. సమాఖ్య ప్రభుత్వం ఒక్కొక్క పనికి విడివిడిగా సొమ్ము మంజూరు చేయకుండా, విస్తృతమైన ప్రయోజనం కోసం ఒకే మొత్తాన్ని ఇచ్చి, దానిని పనుల మధ్య పంచుకొనే అధికారాన్ని స్థానిక ప్రభుత్వానికి వదిలివేయడం దీని లక్షణం. ఇందుకు భిన్నంగా, ఒకే నిర్దిష్ట పనికి మాత్రమే వాడవలసిన నిధులను కేటగారికల్ గ్రాంట్లు అంటారు. గంపగుత్త నిధికి నగరాలు పరస్పరం పోటీపడి దరఖాస్తు చేయనవసరం లేదు. చట్టంలో చెప్పిన గణిత సూత్రం ప్రకారం అర్హత గల ప్రతి నగరానికీ దాని వాటా ఏటా లభిస్తుంది.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా నగరాలలో శిథిల గృహాల సమస్య తీవ్రమైంది. 1949 నాటి గృహ నిర్మాణ చట్టం పట్టణ పునరుద్ధరణ కార్యక్రమానికి మార్గం వేసింది. మురికివాడలను కూల్చి ఆ భూమిని కొత్త నిర్మాణాలకు ఇవ్వడానికి ఈ కార్యక్రమం నగరాలకు సమాఖ్య నిధులు సమకూర్చింది. దీనివలన అనేక నగరాలలో పేద కుటుంబాలు, ముఖ్యంగా నల్లజాతివారు, ఇళ్ళు కోల్పోయి చెదరిపోయారు. 1965లో గృహ నిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ ఏర్పడింది. దాని తొలి కార్యదర్శి రాబర్ట్ వీవర్ అమెరికా మంత్రివర్గంలో స్థానం పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్. 1966లో మోడల్ సిటీస్ కార్యక్రమం మొదలైంది.

1970 ప్రాంతానికి నీటి సరఫరా, మురుగు కాలువలు, ఖాళీ స్థలాలు, సామాజిక భవనాలు, పట్టణ పునరుద్ధరణ, మోడల్ సిటీస్ మొదలైన ప్రతి దానికీ వేర్వేరు నిధులు, వేర్వేరు దరఖాస్తులు, వేర్వేరు నియమావళులు ఉండేవి. దరఖాస్తులు వ్రాయడంలో నేర్పు గల సిబ్బంది ఉన్న నగరాలకే ఎక్కువ సొమ్ము దక్కుతున్నదని విమర్శ ఉండేది. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 1973 జనవరిలో అనేక గృహ నిర్మాణ పథకాలకు కొత్త మంజూరులను నిలిపివేశాడు. ఈ నిధులన్నిటినీ కలిపి షరతులు లేకుండా నగరాలకు పంచాలని ఆయన ప్రభుత్వం ప్రతిపాదించింది. కాంగ్రెసు మాత్రం జాతీయ లక్ష్యాలు, దరఖాస్తు, సమీక్ష ఉండి తీరాలని పట్టుబట్టింది. ఈ రెండు వాదనల మధ్య కుదిరిన రాజీయే 1974 చట్టం. నిక్సన్ 1974 ఆగస్టు 9న పదవి వీడగా, ఆ తరువాత రెండు వారాలలోనే ఫోర్డ్ ఈ చట్టంపై సంతకం చేశాడు.

చట్ట సవరణలు

తొలి సంవత్సరాలలో కొన్ని నగరాలు ఈ సొమ్మును సంపన్నులుండే పేటలలోని ఉద్యానాలకు, క్రీడాస్థలాలకు కూడా ఖర్చు చేశాయన్న ఆరోపణలు వచ్చాయి. అప్పటినుండి జరిగిన సవరణలలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: నగరానికి ఎంత స్వేచ్ఛ ఇవ్వాలి, పేదలకు ఎంత హామీ ఇవ్వాలి.

* 1977: పాత నగరాలకు న్యాయం చేయడానికి రెండవ గణిత సూత్రం చేర్చబడింది.
* 1981: రోనాల్డ్ రీగన్ పాలనలో చిన్న పట్టణాల వాటాను పంచే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇవ్వబడింది. నగరాలు సమర్పించవలసిన దరఖాస్తు సరళం చేయబడింది.
* 1983: ఖర్చులో కనీసం 51 శాతం అల్పాదాయ, మధ్యస్థాయి ఆదాయ వర్గాలకు ప్రయోజనం కలిగించాలన్న నిబంధన వచ్చింది.
* 1990: క్రాన్‌స్టన్-గొంజాలెజ్ జాతీయ గృహ చట్టంతో ఈ కనీస పరిమితి 70 శాతానికి చేరింది.
* 1995: వేర్వేరు పథకాల ప్రణాళికలను కలిపి ఒకే సమగ్ర ప్రణాళిక సమర్పించే విధానం అమలులోకి వచ్చింది.

నిధుల పంపిణీ

కాంగ్రెసు మంజూరు చేసిన మొత్తంలో ప్రత్యేక కేటాయింపులు పోగా మిగిలిన దానిలో 70 శాతం నేరుగా హక్కు గల నగరాలకు, పట్టణ కౌంటీలకు చేరుతుంది. మిగిలిన 30 శాతం రాష్ట్రాల ద్వారా చిన్న పట్టణాలకు, గ్రామీణ ప్రాంతాలకు చేరుతుంది. నేరుగా నిధి పొందే హక్కు గలవి:

* మహానగర ప్రాంతాలలోని ప్రధాన నగరాలు,
* మహానగర ప్రాంతాలలో ఉండి, జనాభా కనీసం 50,000 గల ఇతర నగరాలు,
* హక్కు గల నగరాల జనాభాను మినహాయించగా కనీసం 2,00,000 జనాభా గల, అర్హత పొందిన పట్టణ కౌంటీలు.

1975లో ఇటువంటి స్థానిక ప్రభుత్వాలు సుమారు 600 ఉండగా, తరువాతి కాలంలో వాటి సంఖ్య 1,200 దాటింది. శివారు పట్టణాలు పెరిగి 50,000 జనాభా మైలురాయిని దాటడమే ఇందుకు ముఖ్య కారణం. తెలుగువారు అధికంగా స్థిరపడిన డల్లాస్ పరిసరాలలోని ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో నగరాలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. పంచవలసిన మొత్తం ఆ మేరకు పెరగనందువలన ఒక్కొక్క నగరం వాటా తగ్గుతూ వచ్చింది.

రెండు సూత్రాలు

ప్రతి నగరానికీ వాటాను రెండు సూత్రాల ప్రకారం లెక్కించి, ఏది ఎక్కువైతే దానిని స్వీకరిస్తారు.

మొదటి సూత్రం (సూత్రం ఎ) లో పేదరికానికి 50 శాతం, జనాభాకు 25 శాతం, ఇరుకు నివాసాలకు 25 శాతం ప్రాధాన్యం ఉంటుంది. వేగంగా పెరుగుతున్న దక్షిణ, పశ్చిమ ప్రాంతాల నగరాలకు ఇది అనుకూలం.

రెండవ సూత్రం (సూత్రం బి) లో 1940కి ముందు కట్టిన ఇళ్ళకు 50 శాతం, పేదరికానికి 30 శాతం, వృద్ధిలో వెనుకబాటుకు 20 శాతం ప్రాధాన్యం ఉంటుంది. వృద్ధిలో వెనుకబాటు అంటే, 1960 నుండి ఇతర మహానగర ప్రాంత నగరాల సగటు వేగంతో పెరిగి ఉంటే ఆ నగరానికి ఉండవలసిన జనాభాకు, ఉన్న జనాభాకు మధ్య గల లోటు. ఈశాన్య, మధ్య పశ్చిమ ప్రాంతాలలోని పాత పారిశ్రామిక నగరాలకు ఇది అనుకూలం.

ప్రతి నగరమూ తనకు అనుకూలమైన సూత్రాన్నే పొందుతుంది గనుక మొత్తం లెక్క మంజూరైన సొమ్మును మించిపోతుంది. అందుచేత అందరి వాటాలనూ ఒకే నిష్పత్తిలో తగ్గించి సరిపెడతారు.

జాతీయ లక్ష్యాలు

ఈ నిధితో చేసే ప్రతి పనీ కింది మూడు జాతీయ లక్ష్యాలలో ఏదో ఒకదానిని నెరవేర్చాలి. పని ఎంత మంచిదైనా వీటిలో దేనికీ చెందనిచో దానికి ఈ సొమ్ము వాడరాదు.

* అల్పాదాయ, మధ్యస్థాయి ఆదాయ వర్గాలకు ప్రయోజనం: కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యగత ఆదాయంలో 80 శాతానికి మించనివారు ఈ వర్గంలోకి వస్తారు.
* మురికివాడలను, శిథిలావస్థను నివారించడం లేదా తొలగించడం.
* అత్యవసరం: ఇటీవల తలెత్తి, ప్రజల ఆరోగ్యానికి లేదా క్షేమానికి తక్షణ ప్రమాదం కలిగించే పరిస్థితి. దీనిని వాడుకోవాలంటే వేరే నిధులు లేవని నగరం ధ్రువీకరించాలి.

ఒకటి, రెండు లేదా మూడు సంవత్సరాల కాలాన్ని నగరం ఎన్నుకొని, ఆ కాలంలో చేసిన ఖర్చులో కనీసం 70 శాతం మొదటి లక్ష్యానికి చెందేలా చూడాలి. ప్రణాళిక, పాలన ఖర్చులను ఈ లెక్కలో చేర్చరు.

వీధి, కాలిబాట, ఉద్యానం వంటి వాటిని ఒక్కొక్క కుటుంబం ఆదాయంతో ముడిపెట్టడం సాధ్యం కాదు. అందువలన అవి ఏ ప్రాంతానికి ఉపయోగపడతాయో ఆ ప్రాంతంలో కనీసం 51 శాతం ప్రజలు ఈ వర్గానికి చెందినవారై ఉండాలన్న నియమం ఉంది. ఉదాహరణకు 2,000 మంది నివసించే పేటలో 1,020 మంది ఈ వర్గంవారైతే అక్కడ కాలిబాట వేయవచ్చు. 1,000 మంది మాత్రమే ఉంటే వీలుపడదు. జనగణన సంస్థ సర్వేలపై ఆధారపడి హడ్ ఈ లెక్కలను నగరాలకు ఇస్తుంది. 51 శాతం పేటలు చాలా తక్కువగా గల సంపన్న నగరాలు తమ పేటలలో అల్పాదాయుల శాతం అధికంగా గల పై నాల్గవ వంతును ఎన్నుకొనే మినహాయింపు కూడా కలదు.

అర్హమైన పనులు, అనర్హమైన పనులు

భూసేకరణ, కూల్చివేత, ఇళ్ళ మరమ్మతు, నీటి గొట్టాలు, మురుగు కాలువలు, వీధులు, సామాజిక భవనాలు, వికలాంగుల కొరకు ప్రవేశ మార్గాల మార్పు, మొదటిసారి ఇల్లు కొనేవారికి సహాయం, చిన్న వ్యాపారాలకు సహాయం, శిశు సంరక్షణ, వృద్ధుల సేవ, ఉద్యోగ శిక్షణ మొదలైన ప్రజాసేవలు అర్హమైన పనులు.

నగర కార్యాలయ భవనాల వంటి సాధారణ పరిపాలనా భవనాల నిర్మాణం, సాధారణ పాలన ఖర్చులు, రాజకీయ కార్యకలాపాలు అనర్హమైనవి. వీధి దీపాలు వేయవచ్చుగాని వాటి నిర్వహణ ఖర్చు భరించరాదు. కొత్త ఇళ్ళ నిర్మాణానికి ఈ నిధి సాధారణంగా అనర్హం. సమాజ ఆధారిత అభివృద్ధి సంస్థలు చేపట్టే పనులు మొదలైన కొన్ని సందర్భాలలో మాత్రమే అనుమతి ఉంది. అందుచేత నగరాలు ఈ సొమ్ముతో భూమి కొనడం, స్థలం చదును చేయడం, నీటి గొట్టాలు వేయడం వంటివి చేసి, ఇంటి నిర్మాణానికి వేరే నిధిని జోడిస్తాయి.

నగర బడ్జెటు తయారీ

సమగ్ర ప్రణాళిక

ప్రతి నగరం మూడు నుండి ఐదు సంవత్సరాలకు ఒకసారి సమగ్ర ప్రణాళిక తయారుచేసుకోవాలి. నగరంలో ఎందరు అద్దె భారంతో సతమతమవుతున్నారు, ఎన్ని ఇళ్ళలో సీసపు రంగుల ప్రమాదం ఉంది, నిరాశ్రయులు ఎందరు, ఏ వర్గాలకు ఏ అవసరాలు ఉన్నాయి అన్న విషయాలను ఇందులో వివరించి, ప్రాధాన్యాలను నిర్ణయిస్తారు. ఈ ప్రాధాన్యాలకు లోబడి ప్రతి సంవత్సరమూ వార్షిక కార్యాచరణ ప్రణాళిక తయారవుతుంది. ఆచరణలో ఈ వార్షిక ప్రణాళికయే సమాఖ్య నిధుల బడ్జెటు. ఏ పనికి, ఏ సంస్థకు, ఎంత సొమ్ము, ఎవరికి ప్రయోజనం అన్నవి ఇందులో ఉంటాయి.

క్రమం

చాలా నగరాలలో ఈ పని కింది క్రమంలో సాగుతుంది.

* అవసరాలపై మొదటి బహిరంగ విచారణ జరుగుతుంది.
* సేవాసంస్థల నుండి, నగరపు ఇతర విభాగాల నుండి దరఖాస్తులు ఆహ్వానిస్తారు.
* సిబ్బంది దరఖాస్తుల అర్హతను పరిశీలిస్తారు. అనేక నగరాలలో పౌర సలహా సంఘం వాటికి మార్కులు వేసి సిఫారసు చేస్తుంది.
* ముసాయిదా ప్రణాళికను ప్రకటించి, ప్రజల అభిప్రాయాల కొరకు కనీసం 30 రోజులు గడువు ఇస్తారు. సంవత్సరంలో కనీసం రెండు బహిరంగ విచారణలు జరగాలి.
* నగర పాలక మండలి ఆమోదిస్తుంది.
* కార్యక్రమ సంవత్సరం మొదలవడానికి కనీసం 45 రోజుల ముందు ప్రణాళికను హడ్‌కు పంపుతారు. హడ్ 45 రోజులలో తిరస్కరించకపోతే అది ఆమోదం పొందినట్లే.

ప్రణాళిక పంపడానికి ఆఖరు తేదీ ఆ సమాఖ్య ఆర్థిక సంవత్సరపు ఆగస్టు 16. ఆ తేదీ దాటితే నగరం ఆ సంవత్సరపు నిధిని కోల్పోతుంది.

ప్రజల భాగస్వామ్యం చట్టంలోనే ఉంది. ఇంగ్లీషు రాని నివాసులు గణనీయంగా ఉన్నచోట విచారణలలో వారి అవసరాలను ఎలా తీరుస్తారో నగరం తన పౌర భాగస్వామ్య ప్రణాళికలో చెప్పాలి. ఆచరణలో విచారణలకు హాజరయ్యేవారిలో సామాన్య నివాసులకంటే నిధి కోరే సంస్థల ప్రతినిధులే ఎక్కువగా కనిపిస్తారన్నది తరచు వినిపించే ఫిర్యాదు.

మొత్తం తెలియక ముందే బడ్జెటు

సమాఖ్య ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. అనేక నగరాల ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. కాంగ్రెసు మంజూరు చట్టం ఆలస్యమైతే, తన వాటా ఎంతో తెలియకుండానే నగరం విచారణలు జరపవలసి వస్తుంది. ఉదాహరణకు 2023 అక్టోబరు 1న మొదలైన ఆర్థిక సంవత్సరపు మంజూరు చట్టంపై 2024 మార్చి 9న గాని సంతకం జరగలేదు. ఇటువంటి పరిస్థితిలో నగరాలు గత సంవత్సరపు మొత్తాన్ని అంచనాగా తీసుకుంటాయి. అసలు మొత్తం ఎక్కువైతే ఏ పనికి చేర్చాలో, తక్కువైతే దేనిని తగ్గించాలో ముసాయిదాలోనే ముందుగా వ్రాసి పెడతాయి. అలా వ్రాసిపెడితే మళ్ళీ 30 రోజుల గడువు ఇవ్వనవసరం ఉండదు. అసలు మొత్తం ప్రకటించబడిన తరువాతనే తుది ప్రణాళికను హడ్‌కు పంపాలి.

శాతాల పరిమితులు

బడ్జెటులో నగరం పాటించవలసిన ముఖ్యమైన పరిమితులు రెండు. ప్రజాసేవలకు ఆ సంవత్సరపు నిధిలోను, అంతకు ముందు సంవత్సరపు కార్యక్రమ ఆదాయంలోను కలిపి 15 శాతానికి మించి కేటాయించరాదు. ప్రణాళిక, పాలన ఖర్చులు ఆ సంవత్సరపు నిధి, ఆ సంవత్సరపు కార్యక్రమ ఆదాయం కలిపిన మొత్తంలో 20 శాతానికి మించరాదు. కార్యక్రమ ఆదాయం అంటే ఇళ్ళ మరమ్మతుకు ఇచ్చిన అప్పులు తిరిగి వసూలవడం వంటి మార్గాలలో నగరానికి చేరే సొమ్ము. 1980ల నుండి నిర్మాణాలకంటే సేవలకు కోరిక ఎక్కువ కావడంతో 15 శాతం పరిమితి వద్దనే ప్రతి సంవత్సరమూ అధిక సంఘర్షణ జరుగుతుంది.

ఉదాహరణ: ఒక ఊహాజనిత నగరానికి 10,00,000 డాలర్ల నిధి లభించిందనుకుందాం. గత సంవత్సరం కార్యక్రమ ఆదాయం 40,000 డాలర్లు, ఈ సంవత్సరం ఏమీ లేదు.

* పాలన, ప్రణాళికకు గరిష్ఠం: 2,00,000 డాలర్లు.
* ప్రజాసేవలకు గరిష్ఠం: 1,50,000, దానికి 40,000లో 15 శాతమైన 6,000 కలిపి 1,56,000 డాలర్లు.
* ఈ రెండు పరిమితులూ పూర్తిగా వాడుకుంటే ఇళ్ళ మరమ్మతు, వీధులు, భవనాలు మొదలైన వాటికి మిగిలేది: 6,44,000 డాలర్లు.
* పాలన ఖర్చు పోగా మిగిలిన 8,00,000 డాలర్లలో అల్పాదాయ, మధ్యస్థాయి ఆదాయ వర్గాలకు చెందవలసిన కనీస భాగం (70 శాతం): 5,60,000 డాలర్లు.
* మురికివాడల తొలగింపు వంటి ఇతర లక్ష్యాలకు వాడదగిన గరిష్ఠ భాగం: 2,40,000 డాలర్లు.

భోజనం అందించే సంస్థ, గృహహింస బాధితుల ఆశ్రయం, బడి తరువాత పిల్లలను చూసుకొనే కేంద్రం, న్యాయ సహాయ సంస్థ మొదలైనవన్నీ ఆ 1,56,000 డాలర్లలోనే వాటా కోరుతాయి. వాటి కోరికల మొత్తం పరిమితికి కొన్ని రెట్లు ఉండడం సాధారణం. అందరికీ కొంచెం కొంచెం ఇవ్వడమా, కొద్ది సంస్థలకు పని సాగేంత ఇవ్వడమా అన్నది పాలక మండలి ముందుండే ప్రశ్న. చాలా చిన్న మొత్తం పొందిన సంస్థకు ఆ సొమ్ముకంటే దాని లెక్కలు, నివేదికలు వ్రాసే శ్రమయే ఎక్కువ కావచ్చును. ఈ కారణంగా అనేక నగరాలు ఒక్కొక్క సంస్థకు కనీస మొత్తాన్ని నిర్ణయించాయి.

మరొక నియమం ప్రకారం, నగరం అంతకు ముందు 12 నెలలలో తన సొంత సొమ్ముతో నడిపిన సేవను ఆపి, అదే సేవకు ఈ నిధిని వాడరాదు. సేవ కొత్తదై ఉండాలి, లేదా కొలవదగినంతగా విస్తరించినదై ఉండాలి.

ఖర్చు, గడువులు, లెక్కలు

హడ్ సొమ్మును ముందుగా నగరానికి చేర్చదు. నగరం పేరున ఖాతా తెరిచి, ఖర్చుల మేరకు సొమ్ము తీసుకొనేందుకు అనుమతిస్తుంది. సేవాసంస్థలు సాధారణంగా ముందు ఖర్చు చేసి, బిల్లులు చూపి, నగరం నుండి సొమ్ము తిరిగి పొందుతాయి. నిల్వ ధనం లేని చిన్న సంస్థలకు ఇది కష్టమవుతుంది.

సొమ్మును వాడకుండా కూడబెట్టడాన్ని నివారించడానికి సకాల వ్యయ పరీక్ష ఉంది. కార్యక్రమ సంవత్సరం ముగియడానికి 60 రోజుల ముందు నగరం ఖాతాలో మిగిలిన సొమ్ము ఆ సంవత్సరపు నిధికి ఒకటిన్నర రెట్లు మించరాదు. పై ఉదాహరణలోని నగరానికి ఈ పరిమితి 15,00,000 డాలర్లు. ఈ పరీక్షలో విఫలమై, మరుసటి సంవత్సరం కూడా సరిదిద్దుకోలేకపోతే తరువాతి నిధిలో కోత పడవచ్చు. అందుచేత వెంటనే పూర్తయ్యే వీధి పనులను నగరాలు సిద్ధంగా ఉంచుకుంటాయి. భూసేకరణ, అనుమతులు అవసరమైన గృహ ప్రాజెక్టులు ఆలస్యమైనప్పుడు వాటి సొమ్మును ఈ పనులకు మళ్ళిస్తాయి. ఇటువంటి ముఖ్యమైన మార్పులకు కూడా ప్రజలకు తెలియజేసి 30 రోజుల గడువు ఇవ్వాలి.

పని మొదలుపెట్టక ముందే పర్యావరణ సమీక్ష పూర్తి కావాలి. 2,000 డాలర్లు మించిన నిర్మాణ కాంట్రాక్టులలో కార్మికులకు డేవిస్-బేకన్ చట్టం ప్రకారం స్థానిక ప్రామాణిక వేతనాలు చెల్లించాలి. నివాస భవనాల విషయంలో ఈ నియమం ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ ఇళ్ళున్న వాటికే వర్తిస్తుంది. అల్పాదాయుల ఇళ్ళను కూల్చితే అన్ని ఇళ్ళను తిరిగి సమకూర్చాలి. ఇల్లు కోల్పోయినవారికి పునరావాస సహాయం ఇవ్వాలి. కార్యక్రమ సంవత్సరం ముగిసిన 90 రోజులలో నగరం తన పనితీరు నివేదికను హడ్‌కు సమర్పించాలి. దానిపై ప్రజాభిప్రాయానికి 15 రోజుల గడువు ఇవ్వాలి. అనర్హమైన ఖర్చు బయటపడితే ఆ మొత్తాన్ని నగరం తన సొంత నిధుల నుండి తిరిగి చెల్లించవలసి ఉంటుంది.

అనుబంధ నిధులు

నగరపు సమగ్ర ప్రణాళికలో సి.డి.బి.జి.తోపాటు మరి మూడు నిధులు ఉంటాయి.

* హోమ్: 1990 చట్టం ద్వారా ఏర్పడింది. ఇళ్ళ నిర్మాణం, కొనుగోలు, మరమ్మతు, అద్దె సహాయానికి మాత్రమే వాడాలి. వాడిన సొమ్ముకు నగరం సాధారణంగా 25 శాతం స్థానిక వాటా జతచేయాలి. కనీసం 15 శాతం సమాజ గృహాభివృద్ధి సంస్థలకు కేటాయించాలి. పాలన ఖర్చు 10 శాతానికి మించరాదు. కట్టిన ఇళ్ళ అద్దెలను పెట్టుబడిని, పనిని బట్టి 5 నుండి 20 సంవత్సరాల వరకు అందుబాటులో ఉంచాలి.
* ఇ.ఎస్.జి.: నిరాశ్రయులకు ఆశ్రయం, తిరిగి ఇల్లు దొరికేవరకు సహాయం చేసే నిధి. 2009 నాటి హార్త్ చట్టంతో ప్రస్తుత రూపం పొందింది. నగరాలు సమాన వాటా జతచేయాలి.
* హోప్వా: ఎయిడ్స్ వ్యాధిగ్రస్తులకు, వారి కుటుంబాలకు నివాస సహాయం.

వీటితోపాటు 108వ సెక్షను హామీ రుణాలు కూడా ఉన్నాయి. దీని ప్రకారం నగరం తన తాజా వార్షిక నిధికి ఐదు రెట్ల వరకు, 20 సంవత్సరాల వరకు గడువుతో అప్పు తీసుకొనవచ్చును. అయితే రాబోయే సంవత్సరాల సి.డి.బి.జి. వాటాలే ఆ అప్పుకు హామీ. అప్పుతో కట్టిన వ్యాపార సముదాయం ఆశించిన ఆదాయం ఇవ్వకపోతే, పేదల ఇళ్ళ మరమ్మతుకు వాడవలసిన వార్షిక నిధి కిస్తీలకు పోతుంది.

విపత్తులలో వినియోగం

సూత్రం, నియమావళి సిద్ధంగా ఉండడం వలన, విపత్తుల తరువాత పునర్నిర్మాణ సహాయాన్ని కూడా కాంగ్రెసు ఈ మార్గంలోనే పంపుతుంది. కత్రినా తుఫాను తరువాత 2005 డిసెంబరులో గల్ఫ్ తీర రాష్ట్రాలకు 1,150 కోట్ల డాలర్లు ఈ విధంగా మంజూరయ్యాయి. గృహ రుణాల సంక్షోభంలో 2008లో వదిలివేయబడిన ఇళ్ళ కొనుగోలు, మరమ్మతు కొరకు 392 కోట్ల డాలర్లు కేటాయించారు. కోవిడ్-19 సమయంలో 2020 మార్చి 27 నాటి కేర్స్ చట్టం 500 కోట్ల డాలర్లు ఇచ్చింది. కోవిడ్ సంబంధిత సేవలకు 15 శాతం పరిమితిని సడలించింది. ప్రజాభిప్రాయ గడువును కూడా ఐదు రోజులకు తగ్గించేందుకు అవకాశం ఇచ్చింది.

వివాదాలు

హార్ట్‌ఫోర్డ్ దావా

1974 చట్టం ప్రకారం నిధి కోరే ప్రతి పట్టణం తన పరిధిలో నివసించేందుకు రాగల అల్పాదాయుల సంఖ్యను కూడా అప్పట్లో అంచనా వేయవలసి ఉండేది. కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫోర్డ్ చుట్టూ గల శివారు పట్టణాల విషయంలో హడ్ ఈ నిబంధనను సరిగా అమలు చేయలేదని, పేదలకు చోటివ్వని పట్టణాలకు నిధి ఇవ్వరాదని హార్ట్‌ఫోర్డ్ నగరం కోర్టుకు వెళ్ళింది. 1976లో జిల్లా కోర్టు నగరానికి అనుకూలంగా తీర్పు ఇచ్చి శివారు పట్టణాల నిధులను నిలిపివేసింది. 1977లో అప్పీలు కోర్టు, ఆ దావా వేసే అర్హత నగరానికి లేదంటూ ఈ తీర్పును కొట్టివేసింది.

వెస్ట్‌చెస్టర్ కౌంటీ

నిధి పొందే ప్రతి నగరం, కౌంటీ తాము 1968 నాటి సమాన గృహావకాశాల చట్టాన్ని ముందుకు తీసుకువెళుతున్నామని ప్రతి సంవత్సరం ధ్రువపత్రం ఇవ్వాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌చెస్టర్ కౌంటీ ఈ ధ్రువపత్రాలను జాతి వివక్షను పరిశీలించకుండానే ఇచ్చిందని ఒక పౌరహక్కుల సంస్థ 2006లో దావా వేసింది. 2009 ఫిబ్రవరిలో జిల్లా కోర్టు ఆ ధ్రువపత్రాలు అసత్యమని తేల్చింది. అదే సంవత్సరం ఆగస్టులో 6.25 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కౌంటీ ఏడు సంవత్సరాలలో, ప్రధానంగా శ్వేతజాతీయులు నివసించే పట్టణాలలో, 750 అందుబాటు గృహాలు సమకూర్చాలి. అంతవరకు లాంఛనంగా సంతకం చేసే ధ్రువపత్రాలకు ఎంత విలువ ఉందో ఈ వ్యాజ్యం నగరాలకు తెలియజేసింది. ఈ బాధ్యతను వివరించే నియమాన్ని హడ్ 2015లో జారీ చేసింది. అది 2020లో రద్దయి, 2021లో కొంతమేరకు పునరుద్ధరించబడి, 2025లో మళ్ళీ తొలగించబడింది. చట్టంలోని మూల బాధ్యత మాత్రం అలాగే ఉంది.

విమర్శలు, భవిష్యత్తు

ఈ నిధిపై ముఖ్యమైన విమర్శలు:

* సూత్రాలు పాతబడ్డాయి. 1940కి ముందు కట్టిన ఇళ్ళన్నీ శిథిలాలు కావు. బాగుచేయబడి సంపన్నులు నివసిస్తున్న పాత ఇళ్ళు కూడా లెక్కకు వచ్చి ధనిక పట్టణాలకు ఎక్కువ వాటా ఇస్తున్నాయి. కళాశాల పట్టణాలలో ఆదాయం లేని విద్యార్థులు పేదలుగా లెక్కించబడుతున్నారు.
* చిన్న మొత్తాలు అనేక పనుల మధ్య చెదరిపోవడం వలన ఏ ఒక్క పేటలోనూ స్పష్టమైన మార్పు కనిపించదు.
* పనుల ఫలితాన్ని కొలవడం కష్టం.

సమర్థకుల వాదన ప్రకారం, ఇతర పెట్టుబడులను ఆకర్షించే మొదటి సొమ్ము ఇదే. పన్నుల ఆదాయం తగ్గిన పాత నగరాలకు పేదల పేటలపై ఖర్చు చేయడానికి ఇంతకంటే నమ్మకమైన ఆధారం మరొకటి లేదు.

1975లో సుమారు 240 కోట్ల డాలర్లతో మొదలైన ఈ నిధికి 2001లో సుమారు 440 కోట్లు, 2024లో 330 కోట్లు మంజూరయ్యాయి. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే 2024 నాటి మొత్తం విలువ మొదటి సంవత్సరపు విలువలో సగానికంటే తక్కువ. డొనాల్డ్ ట్రంప్ మొదటి పాలనాకాలంలో 2018 ఆర్థిక సంవత్సరం మొదలుకొని ప్రతి బడ్జెటులోనూ ఈ నిధిని పూర్తిగా రద్దు చేయాలని ప్రతిపాదించగా కాంగ్రెసు అంగీకరించలేదు. 2026 ఆర్థిక సంవత్సరపు బడ్జెటు ప్రతిపాదనలో మళ్ళీ సి.డి.బి.జి., హోమ్ రెండింటినీ రద్దు చేయాలని సూచించారు. దేశంలోని ప్రతి రాష్ట్రంలోనూ ఈ నిధి పొందే పట్టణాలు ఉండడం వలన రెండు పక్షాల సభ్యులలోనూ దీనికి మద్దతుదారులు ఉన్నారు.

ఇవి కూడా చూడండి

* అమెరికా సంయుక్త రాష్ట్రాల సమాఖ్య బడ్జెటు
* గృహ నిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ
* పట్టణ పునరుద్ధరణ
* జెరాల్డ్ ఫోర్డ్